తనంతట తానే ఎగిరిన గరిటె

పేరుమోసిన ఆ రెస్టారెంటులో పెద్ద చెఫ్ గారి గరిటె, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మరుగుతున్న సూపులోంచి లేచి, ఎనిమిది అడుగులు ప్రయాణించి, సాసులు చేసే అమ్మాయి మోచేతిమీద వాలిన ఉదంతంపై నిష్పాక్షిక విచారణ జరుగుతుందని యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది. పనివాళ్ల ఇంటివాళ్లు కూడా రావచ్చని పిలిచింది.

ఆ అమ్మాయి తల్లికి ఒకటే భయం. ఇవాళ గరిటె, రేపు పెనం కాదని నమ్మకమేమిటి? పాత్రల కొట్టుకు వెళ్లి, అక్కడున్న వాటిలో పెద్ద పెనం రెండు చేతులతో ఎత్తి చూసి, బరువు తెలుసుకుని మరీ దిగులుపడింది. విచారణ రోజున కాలిన గాయాల మందు, దూది, ఎందుకైనా మంచిదని ఒక జత బట్టలు సంచీలో పెట్టుకుని బయలుదేరింది.

విచారణ సంఘంలో ముగ్గురే సభ్యులు: యజమాని, ఆ గరిటెలు సరఫరా చేసిన యజమాని బావమరిది, పెద్ద చెఫ్ గారు. పెద్ద చెఫ్ గారి కోపం గురించి ఆయనకంటే బాగా తెలిసినవారు ఊళ్లో దొరకలేదు మరి.

"మా వంటింట్లో అరుపులు లేవు, ఉన్నది స్పష్టత!" అని యజమాని ఉపన్యసించాడు. "మా చెఫ్ గారు గరిటె విసరరు, విద్య అందిస్తారు. కొందరు పట్టుకోలేకపోతే ఆయనేం చేస్తారు?"

ఆ వంటింట్లో ఒక ఆచారముంది. పెద్ద చెఫ్ గారు ఏమన్నా సరే, చేతిలో పని ఆపకుండా పనివాళ్లు పన్నెండుమందీ ఒక్క గొంతుతో "యస్ చెఫ్!" అనాలి. ఊపిరైనా మరిచిపోతారు గానీ అది మరవరు.

పెద్ద చెఫ్ గారు లేచి ఆ పన్నెండుమందినే సాక్ష్యం అడిగారు. "నేను మిమ్మల్ని ఎన్నడూ తిట్టలేదు, కొట్టలేదు. వినపడిందా, వెధవల్లారా?"

"యస్ చెఫ్!"

ఏకగ్రీవమని బావమరిది రాసుకున్నాడు.

తల్లి కూతుర్ని గిల్లింది. "అదేంటే, నువ్వూ అన్నావు?"

"నోరు దానంతటదే అనేసిందమ్మా."

"గరిటె దానంతటదే ఎగిరింది, నోరు దానంతటదే పలికింది. మరి నీదంటూ ఏం మిగిలిందే తల్లీ?"

కూతురు ఒక అడుగు ముందుకు వేసింది. చొక్కా చేయి పైకి మడిచి, మచ్చ చూపించి అంది: "కాదు చెఫ్. మీరే విసిరారు."

ఆ మాట ఆ గోడలు అంతవరకు విని ఎరగవు. పాత్రలు కడిగే ఆయన, ఏ యంత్రమో పాడైందనుకుని పొగగొట్టం వంక చూశాడు. తల్లి, పైకప్పు కూలుతుందని కళ్లు గట్టిగా మూసుకుంది. కూలలేదు. బదులుగా ఇంకో పదకొండు గొంతులు వినపడ్డాయి: "కాదు చెఫ్!"

పెద్ద చెఫ్ గారిని సగౌరవంగా సెలవు మీద పంపారు.

ఆ వారం వంటింట్లో పళ్లేలు పగల్లేదు, సూపు మాడలేదు. కూనిరాగాలు కూడా వినపడ్డాయట. దీంతో భోజనానికి వచ్చే పెద్దమనుషులు తీవ్రంగా కలతచెందారు. "రుచికేం, బాగానే ఉంది. కానీ లోపల ఎవర్నో చీల్చి చెండాడుతుంటే మన ప్లేటు మీద శ్రద్ధ పెట్టారన్న భరోసా ఉండేది" అన్నారు. చెఫ్ గారిని వెనక్కి పిలవాలని సంతకాలు మొదలుపెట్టారు.

తల్లి ఆ కాగితం మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. బడిపంతులు, డాక్టరు, జంతువులపై దయ చూపాలనే సంఘం కార్యదర్శి... చీమకైనా హాని తలపెట్టని వాళ్లే అందరూ.

"వస్తే రానీ అమ్మా," అంది కూతురు సాసు కలుపుతూ. "ఇప్పుడు 'కాదు' అనే మాట మా అందరికీ వచ్చుగా."

కాగితం బిల్లు కట్టే బల్లమీదే ఉంది. అడుగున సంతకాలకు ఇంకా నాలుగు గీతలు ఖాళీ. తమరు భోంచేసి చేతులు తుడుచుకుని రండి, కలం సిద్ధంగా ఉంది.