పేరు తేలని చిమ్మట

ఆ రోజు ఆకాశం పొద్దున్నుంచే ముఖం ముడుచుకుని ఉంది. కురవాలో వద్దో తమకే తేలనట్టు మబ్బులు ఇంటి మీద ఆగిపోయాయి. ఇంట్లోవాళ్ళకు తల ఎత్తి చూసే తీరిక లేదు. మధ్యాహ్నం అల్లుళ్ళిద్దరికీ మ్యూజియంలో ఇంటర్వ్యూ. పురుగుల విభాగానికి అధిపతి పదవి ఖాళీ అయింది. పెద్దల్లుడు, చిన్నల్లుడు ఆ విభాగంలోనే ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, చిమ్మటల మీదే పనిచేస్తారు. ఖాళీ అయిన కుర్చీ మాత్రం ఒక్కటే.

మామగారు దర్జీ. కింది వాటా పెద్ద కూతురికి, పై వాటా చిన్న కూతురికి ఇచ్చి, తాను ముందుగదిలో కుట్టుమిషనుతో కాపురం ఉంటాడు. పక్షపాతం అన్న మాట రాకూడదని ఒకే తానులోంచి ఉన్ని గుడ్డ కత్తిరించి అల్లుళ్ళిద్దరికీ కోట్లు కుట్టాడు. కొలతలు పెద్దవాడివే తీసుకున్నాడు, చిన్నవాడి పొట్ట కూడా అంతే ఉందని. అవి ముందుగది అలమరలో వేలాడుతున్నాయి. ఎడమ హ్యాంగరు పెద్దవాడిది, కుడిది చిన్నవాడిది. పదవి ఎవరికొచ్చినా ఆయనకు ఒకటే. ఆ కుర్చీలో తన కోటు కూర్చోవాలి, అంతే.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పేరు తేలకుండా ఏ పురుగునూ చంపకూడదు. దోమ కుడుతున్నా సరే, అది ఏ జాతిదో అల్లుళ్ళలో ఒకరు వచ్చి చెప్పేదాకా చెయ్యి ఎత్తకూడదు. అందుకే అలమర తలుపు మీద గడ్డిరంగు చిమ్మట ఒకటి కనబడగానే పెద్ద కూతురు చెప్పు పైకెత్తి, అలాగే పట్టుకుని, మొగుణ్ణి పిలిచింది.

పెద్దల్లుడు మెడలో భూతద్దం సరిచేసుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"ధాన్యం చిమ్మట. తల నున్నగా ఉంది. నోటి పక్క కొమ్ములు చూడు, పైకి వంగి ఉన్నాయి. బట్టల జోలికి రాదు" అన్నాడు.

మెట్ల మీద చిన్నల్లుడు ఆగాడు. దిగివచ్చి తన భూతద్దం తీశాడు.

"బట్టల చిమ్మట అన్నయ్యా. వీటికి తల మీద బంగారు రంగు వెంట్రుకల కుచ్చు ఉంటుంది."

"ఏదీ కుచ్చు?"

"ఊడిపోయింది. వయసు మీద పడితే ఊడుతుంది. జుట్టు ఊడినంత మాత్రాన జాతి మారదుగా?" అంటూ అన్నయ్య తల వంక చూశాడు.

పెద్దల్లుడు బట్టతల మీద చెయ్యి వేసుకుని, తీసేశాడు. తర్వాత వాదన కొమ్ముల మీదికి వెళ్ళింది. అవి కొమ్ములు కావు, అంటుకున్న ఉన్ని పోగులన్నాడు చిన్నవాడు. అసలు గుర్తు వెనక రెక్కలో ఉంది. ధాన్యం చిమ్మటకు ఆ రెక్క కొస వేలెత్తి చూపినట్టు సన్నగా సాగుతుంది, బట్టల దానికి సాగదు. చూడాలంటే పురుగును చంపి రెక్క విప్పాలి. విప్పే పని ఎవరిదన్న దగ్గర వాదన మళ్ళీ మొదలైంది. చివరికి దాన్ని ప్రాణాలతో సీసాలో పెట్టి డైరెక్టరు గారి ముందే తేల్చుకుందామన్నారు. మామగారు మిషను ఆపకుండానే, మంచిదే, కోట్లు మాత్రం నలగకూడదన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దల్లుడు తన మాట నిలబెట్టుకోవడానికి వంటింట్లో ఉన్న బియ్యం, పప్పులు, పిండి అన్నీ పెరట్లో దుప్పట్ల మీద పోయమన్నాడు. ఎండకు గుడ్లు చావాలిగా. అది చూసి చిన్నల్లుడు పై వాటాలోని కంబళ్ళు, శాలువాలు, స్వెటర్లు మోయించి ఆ పక్కనే పరిపించాడు. మబ్బుగా ఉందని అక్కాచెల్లెళ్ళు అన్నారు. మబ్బులు తమ విభాగం కాదన్నట్టు ఇద్దరూ వినలేదు.

కాసేపటికి పెద్దల్లుడు ఎవరూ లేకుండా చూసి అలమర తెరిచాడు. కోటు కోసం భయపడి కాదు, ఊరికే. తన కోటుకు వీపు మీద, కాలరు కింద, చిమ్మట పిల్లలు తిని వదిలిన కన్నాలు. ముఖాన నెత్తుటి చుక్క లేదు. కన్నాలున్నాయంటే తాను ఓడినట్టు. కన్నాల కోటు వేసుకుంటే పదవి పోయినట్టు. పక్క కోటు తడిమాడు. నిక్షేపంలా ఉంది. గబగబా కోట్లు మార్చి, పిల్లిలా తలుపు వేశాడు.

ఆ తర్వాత చిన్నల్లుడూ వచ్చాడు. తన హ్యాంగరుకున్న కోటు తిప్పి, కన్నాలు చూసి మొదట మురిసిపోయాడు. అది బట్టల చిమ్మటే, తన మాటే నిజం. వెంటనే ఆ నిజాన్ని తానే వేసుకుని వెళ్ళాలని గుర్తొచ్చింది. అటూ ఇటూ చూసి ఆయనా మార్చాడు. మార్చేటప్పుడు కాలరు కింద కన్నాన్ని వేలితో కొలిచి మరీ చూసుకున్నాడు, అలవాటు కొద్దీ.

ఇద్దరూ నిశ్చింతగా కోట్లు తొడుక్కున్నారు. మామగారు వెనక నుంచి దులపబోతే ఇద్దరూ ఆలస్యమవుతోందన్నారు.

ఇంటర్వ్యూ గదిలో డైరెక్టరు గారు సీసా బల్ల మీద పెట్టించి, ముందు పెద్దవారిని మాట్లాడమంది. పెద్దల్లుడు తల గురించి, కొమ్ముల గురించి గంభీరంగా చెప్పాడు. ఈ జాతి గుడ్డను తాకదని ఘంటాపథంగా అన్నాడు. వెనక రెక్క గీసి చూపిస్తానని బల్ల వైపు వీపు పెట్టి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. విషయం బాగా ఎక్కిందనుకుని ఆయన రెండో రెక్క కూడా గీశాడు.

చిన్నల్లుడు ఇక ఉండబట్టలేకపోయాడు.

"గుడ్డను తాకదట మేడమ్. ఆ వీపు చూడండి. కాలరు ఎత్తితే ఇంకోటి ఉంది, చిటికెనవేలు పడుతుంది."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసింది. "కాలరు ఎత్తకుండానే మీకెలా తెలిసింది?"

ఈలోగా పెద్దల్లుడు కోటు విప్పి తిప్పి చూసుకున్నాడు. కోపంలో నోరు జారింది.

"ఇది నేను వేసుకోవాల్సింది కాదు మేడమ్. దీన్ని పొద్దున్నే వాడి హ్యాంగరుకు తగిలించాను."

"నా దానికి తగిలిస్తే నేనెందుకు ఊరుకుంటాను? తిప్పి తగిలించాను" అన్నాడు చిన్నల్లుడు. అనేశాక కుక్కిన పేనులా కూర్చున్నాడు.

డైరెక్టరు గారు సీసాలోని చిమ్మటను తీయించి, చంపించి, రెక్క విప్పి చూసింది. అది బట్టల చిమ్మటే. చిన్నల్లుడు ఆశగా తల ఎత్తాడు.

"పురుగు తేలింది. మీరిద్దరూ ఒకే జాతని కూడా తేలింది" అని ఆమె సీసా మూత పెట్టింది.

పదవి గడ్డి కూరిన జంతువుల విభాగం ఆయనకు ఇచ్చారు. ఆయన చిమ్మటకూ సీతాకోకచిలుకకూ తేడా అడిగి తెలుసుకునే రకం. కానీ చొక్కాతో వచ్చాడు, అదీ తన చొక్కాతోనే.

అల్లుళ్ళు బయటికి వచ్చేసరికి ఆకాశం కూడా ఒక నిర్ణయానికి వచ్చింది. కుండపోతగా కురిసింది. ఇంట్లో అక్కాచెల్లెళ్ళు, మీ ఆయన పోయించిన బియ్యం నువ్వే ఎత్తుకో అంటే, మీ ఆయన పరిపించిన కంబళ్ళు నువ్వే మోసుకో అని పట్టుదలకు పోయారు. పట్టుదల తగ్గేసరికి పిండి ముద్దయింది, పప్పులు కంబళ్ళకు అంటుకున్నాయి. ధాన్యానికీ బట్టలకూ తేడా చెప్పడం కష్టమైంది.

మామగారు అన్నీ విన్నాడు. పదవి సంగతి అడగలేదు. కోటు తీసుకుని కన్నాల్లోంచి దీపం వంక చూసి, దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఇంట్లో తడవకుండా మిగిలినవి బంగాళదుంపలే. ఉడకబెట్టి ఉప్పుతో అందరికీ పెట్టారు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. గడ్డిరంగు చిమ్మట ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి ఇద్దరల్లుళ్ళ పళ్ళాల మధ్య వాలింది. భూతద్దాలు రెండూ మెడల్లోనే ఉన్నాయి. పెద్ద కూతురు నింపాదిగా చెప్పు తీసి ఒక్కటేసింది.

పేరు ఎవరూ అడగలేదు.