పడమటి మంటను ఆర్పిన మేయర్

1883 నవంబరు 27, మంగళవారం, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు హడ్సన్ నది ఒడ్డున ఉన్న స్లేట్ లాండింగ్ ఊరికి పడమట ఆకాశం ఎర్రబడింది. అయిదు పన్నెండుకి ఫైర్ గంట మోగింది. ఆరు కావస్తుండగా, మంటను ఆర్పేశామని మేయర్ కార్నీలియస్ ప్రూయిన్ ప్రకటించారు.

ఎన్నికలకు అప్పటికి వారం ఉంది. ఆ జనవరిలో ప్రూయిన్ గారు ఊరికి ఆవిరి పంపు ఇంజన్ తెప్పించారు. అది వచ్చాక ఊళ్లో ఒక్క కొంపా అంటుకోలేదు. ఆయన మీద పోటీకి నిలబడ్డ ఇనప సామాన్ల కొట్టు ఎలీహు బ్రాంక్ ప్రతి మీటింగులోనూ ఒకటే అడుగుతున్నాడు: "ఈ ఇంజన్ ఇంతవరకూ ఏం ఆర్పిందయ్యా?" మేయర్ గారు పది నెలలుగా ఒక మంట కోసం కాచుకుని ఉన్నారు. ఎవరి ఇల్లూ కాలాలని ఆయన కోరిక కాదు. మంట వస్తే చాలు.

నాలుగు గుర్రాలు, ఇరవై ఇద్దరు వాలంటీర్లు ఇంజన్‌ను రెండు మైళ్ల దూరంలోని గుట్ట మీదికి చేర్చారు. వాళ్ల ఫోర్‌మన్ డెన్నిస్ గ్యారిటీ అటూ ఇటూ చూశాడు.

"మంటెక్కడండీ?"

"అదిగో."

"అది కొండల అవతలుందండి."

"అయితే పెద్దదే," అన్నారు మేయర్ గారు తృప్తిగా. "కొట్టండి."

గుట్ట మీది బావిలోంచి నీళ్లు లాగి పది నిమిషాలు పడమరకు కొట్టారు. ఎరుపు తగ్గింది. ఇంకో అయిదు నిమిషాలకు చీకటి పడింది.

మర్నాడు పత్రికలో వార్త వచ్చింది. ప్రాణనష్టం లేదు. ఆస్తినష్టం లేదు. కాలినదేమిటో విచారిస్తున్నారు.

ఆ సాయంత్రం మంట మళ్లీ వచ్చింది, మళ్లీ ఆర్పారు. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. వాలంటీర్లు టర్కీ కోడిని సగంలో వదిలేసి పరుగెత్తారు. శుక్రవారం నాటికి ఇంజన్ ఖాతాలో నాలుగు మంటలు చేరాయి.

"బూడిదేదయ్యా?" అన్నాడు బ్రాంక్.

"బూడిద కూడా మిగల్చలేదు. అదీ పనితనం," అన్నారు మేయర్ గారు.

శనివారం మీటింగులో బడి టీచరు మిస్ హెస్టర్ డెయో లేచి నిలబడింది. ఆగస్టులో జావా దగ్గర ఒక దీవిలో నిప్పుకొండ పేలిందని, ఆ ధూళి ఆకాశమంతా పరుచుకుందని, పొద్దుగూకాక అదే ఎర్రగా కనిపిస్తూ ఉండొచ్చని చెప్పింది.

మేయర్ గారు ఓపిగ్గా విన్నారు.

"జావా మన వార్డులోకి వస్తుందా అమ్మా?"

"రాదు."

"వాళ్లకిక్కడ ఓటుందా?"

"లేదు."

"మరి వాళ్ల దుమ్ముతో మనకేం పని? మొన్న పద్దెనిమిదో తారీకున రైళ్ల కంపెనీలు తమ రైళ్ల టైముకి సరిపోయేలా మన గడియారాలు మార్చేస్తే ఊరుకున్నాం. ఇప్పుడు మన మంట కూడా మనది కాదంటే ఊరుకుంటామా?"

చప్పట్లు చాలాసేపు మోగాయి. బ్రాంక్ కొట్టలేదు. హాల్లో ఒక్కరూ టీచరు వైపు చూడకపోవడం మాత్రం గమనించాడు.

సోమవారం బ్రాంక్ మాట మార్చాడు. "మంట నిజమే. మేయర్ గారు ఆర్పడమూ నిజమే. కానీ రోజూ వస్తోందంటే మొదలు ఎక్కడో ఉంది. అక్కడిదాకా ఎందుకు పోవడం లేదని అడుగుతున్నా."

"గెలిపించండి, పోతాను," అన్నారు మేయర్ గారు. "మొదలు ఆర్పిగానీ తిరిగి రాను."

డిసెంబరు 4న ఓట్లు పడ్డాయి. ప్రూయిన్ 214, బ్రాంక్ 190.

మర్నాడు కౌన్సిల్ సమావేశమైంది. మేయర్‌గా ఓడినా బ్రాంక్ కౌన్సిలర్‌గా ఇంకా ఉన్నాడు. గెలిచిన మేయర్ గారిని అభినందిస్తూ తీర్మానం పెట్టాడు. మేయర్ గారు ఇంజనుతో పడమరకు వెళ్లి మంటను మొదలంటా ఆర్పాలని, వారు తిరిగొచ్చేదాకా మేయర్ పని తాను చూసుకుంటానని రెండో వాక్యం.

మేయర్ గారు కిటికీలోంచి చూశారు. బయట ఎర్రగా ఉంది. అది మంట కాదనాలంటే, ఎనిమిది రోజులుగా తానేం ఆర్పినట్టో చెప్పాలి. చివరి బెంచీ మీద మిస్ డెయో పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది.

"టీచరమ్మా," అన్నారాయన, "ఆ జావా సంగతి ఇంకోసారి చెబుతారా?"

"అది మన వార్డు కాదు కదండీ," అంది ఆమె తలెత్తకుండా.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గ్యారిటీ ఒక్కటే అడిగాడు.

"రాత్రి భోజనానికి వచ్చేస్తామాండీ?"

గురువారం మూడింటికి ఇంజన్ బయలుదేరింది. బ్యాండు వాయించారు. మేయర్ గారు ముందు సీట్లో కూర్చున్నారు.

డిసెంబరు 12న యూటికా నుంచి టెలిగ్రాం వచ్చింది: మంట ముందుకు జరిగింది. వెంబడిస్తున్నాం.

21న బఫెలో నుంచి: ఇక్కడివాళ్లూ చూశారు. ఇంకా పడమటే అంటున్నారు.

31న క్లీవ్‌లాండ్ నుంచి: అదుపులో ఉంది. బొగ్గు పంపండి.

తాత్కాలిక మేయర్ బ్రాంక్ గారు ఆ సాయంత్రమే బొగ్గు పంపించారు. ఇంకా పడమటనున్న షికాగోకి.