వారసత్వ పొగ

మా మండలంలోని ఆరుబయలు మ్యూజియంలో, పాతకాలపు పల్లె ఇళ్ల వరసలో ఏడో ఇంట, ఫిబ్రవరి రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ఒక పొయ్యికి ప్రారంభోత్సవం జరిగింది. మండలాధ్యక్షులు బొగుమీల్ గారు రిబ్బను కత్తిరించారు. కత్తెర మొండిది కావడం చేత మూడుసార్లు కత్తిరించారు. ఆ పొయ్యి మాది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అక్టోబరులో ఆయనే మా గుమ్మంలో నిలబడి, మా పొయ్యి పొగ వల్ల మండలం గాలి పాడవుతోందనీ, పిల్లల ఊపిరితిత్తుల క్షేమం కోరి దాన్ని తొలగించడమైనదనీ ఉత్తర్వు చదివారు. పిల్లలంటే మాకున్నది ఒక్కతే. కలీనాకి ఎనిమిదేళ్లు. చలిగాలి తగిలిందంటే దగ్గు. ఆ దగ్గుకి నాకు తెలిసిన మందల్లా పొయ్యి వెనకున్న వెచ్చటి అరుగు. మా ఆయనా దానిమీదే పెరిగాడు. ఆ మాటే చెప్పబోయాను. ఫారంలో దానికి గడి లేదన్నారు.

మనుషులొచ్చి పొయ్యికీ అరుగుకీ అతికిన ఆకుపచ్చ పింగాణీ పలకలు ఒక్కొక్కటీ ఊడదీసి, సుద్దతో నంబర్లు వేసి, గడ్డిలో చుట్టి పట్టుకెళ్లారు. పారేసే సరుకుకి ఇంత మర్యాద ఎందుకా అని అప్పుడే అనుకోవలసింది. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపినదాన్ని, నంబర్లు చూస్తే నాకు గుండె దడ. రేపు మనుషులకీ వేస్తారేమో అన్నాను.

"భయపడకే," అంది మా అత్తగారు యాద్విగా. "మనం అంత విలువైన సరుకు కాదు."

పొయ్యి బదులు ప్రభుత్వం వారు శుభ్రమైన కొత్త యంత్రం ఇస్తారు. మా దరఖాస్తు పరిశీలనలో ఉంది. ఈలోగా చలికి ఇబ్బంది పడకూడదని ఆఫీసువారు రంగుల పుస్తకం పంపారు. లావుపాటి స్వెట్టరు వేసుకోమని అందులో బొమ్మతో సహా ఉంది. ఒక చిన్న కరెంటు హీటరు కొన్నాం. అది పెడితే కరెంటు కెటిల్‌లో టీ కాచుకోకూడదు, రెండూ పెడితే ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటి. నవంబరుకి కలీనా దగ్గు ఛాతీలోకి దిగింది. రాత్రి దగ్గితే ఒక భయం, దగ్గకపోతే రెండు.

ప్రారంభోత్సవానికి మేం వెళ్లింది వేడుక చూడ్డానికి కాదు. పొయ్యి వెలిగిస్తారని తెలిసి వెళ్లాం. టిక్కెట్టు కొనే వెళ్లాం. చిమ్నీ మా ఇంట్లో కంటే రెట్టింపు పొగ వదులుతోంది. గుమ్మం పక్క బోర్డు మీద, ఇది వారసత్వ పొగ అనీ, గాలిని పాడుచేసే పొగల జాబితా నుంచి దీన్ని మినహాయించడమైనదనీ రాసి ఉంది.

బొగుమీల్ గారు మాట్లాడారు. "ఈ అరుగు మీదే మన జాతి వెచ్చబడింది! దీన్ని ఆర్పేసినవాడు కన్నతల్లిని మరిచినవాడు!" జనం చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఉన్ని గ్లౌజులు తీయలేదు గనక వినపడలేదు.

అప్పుడు మ్యూజియం అధికారిణి ఓతిలియా గారు పొయ్యి ముందు అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడి, కింది పలక మీద గీసి ఉన్న పిల్లిబొమ్మ చూపించారు. పేరు తెలియని జానపద కళాకారుడు గీసిందట, సుమారు నూట ఇరవై ఏళ్ల నాటిదట.

"అమ్మా, అది నా పిల్లి," అంది కలీనా. "మేకుతో గీశానని నువ్వు కొట్టావు కదా."

"కాదమ్మా, అది చాలా పాతది," అన్నారు ఓతిలియా గారు, ముద్దుగా.

"నిజమేనమ్మా," అంది మా అత్తగారు. "మా మనవరాలికి నూట ఇరవై నిండాయి. పిల్ల వయసు కనపడనివ్వదు."

పెద్దలు ఈ విషయం చర్చిస్తుండగా కలీనా తాడు కింద నుంచి దూరి, బూట్లు విప్పి, అరుగెక్కి పడుకుంది. జారి మెడ విరుగుతుందని నేను పరిగెత్తాను. నేను చేరేసరికి నిద్రపోయింది. నవంబరు తరవాత అది దగ్గకుండా నిద్రపోవడం అదే మొదలు. లేపుతారు, కేసు పెడతారు, పిల్లని లాక్కుపోతారు అనుకున్నాను. ఎవరూ లేపలేదు. అందరూ ఫోన్లు తీశారు. "ఎంత సహజంగా ఉంది," అన్నారు బొగుమీల్ గారు, కళ్లు తుడుచుకుని.

ఆ సాయంత్రమే ఓతిలియా గారు ఒక ప్రతిపాదన చేశారు. శని, ఆదివారాలు పది నుంచి నాలుగు దాకా కలీనా అక్కడ పడుకోవచ్చు. నారచొక్కా మ్యూజియం వారిది. బూట్లు ఉండకూడదు, ఆ కాలంలో బీదపిల్లలకి లేవట. దగ్గు వస్తుందండీ అన్నాను భయపడుతూ. దగ్గవచ్చునన్నారు, ఆ కాలానికి సరిపోతుందట. నేను ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నంత పనిచేసి ఒప్పుకున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా ఇంట్లో ఈ కాలమే, పొయ్యి లేని కాలమే, నడుస్తుంది.

ఇప్పుడు నేను తలగుడ్డ కట్టుకుని అరుగు పక్కన ఉన్ని వడుకుతూ కూర్చుంటాను. నాకు వడకడం రాదు, ఎవరికీ తెలియదు. మీబోటి చదువుకున్నవాళ్లు కుటుంబాలతో వస్తారు. పిల్లని చూసి, పాపం ఆ రోజుల్లో ఎలా బతికేవాళ్లో అంటారు. నేను తలూపుతాను. ఆ రోజులంటే మొన్న సోమవారం అని చెప్పను. చెబితే మీకు ఫొటో పాడవుతుంది.

రండి, చూడండి. వెళ్లేటప్పుడు మాత్రం తలుపు వేసి వెళ్లండి. జాలి పడినవాళ్లెవరూ వేయడం లేదు.