మాయమైన ‘వినండి’ బటన్

‘వినండి’ బటన్ మాయమైన రోజునే మా బావమరిది తన మేధస్సును లోకానికి ప్రకటించాడు.

"బావా, నా బుర్ర మామూలు బుర్ర కాదు. నా పేరు వింటేనే నేరం గజగజ వణుకుతుంది!"

అప్పటికి అతను చేపట్టిన కేసు ఒక్కటే. గొడుగు పోయిందని, ఆ గొడుగే వేసుకుని వానలో వీధులన్నీ వెతికాడు.

నా భార్య తన బడిలోని మూడో తరగతి పిల్లల కోసం కథలు చెప్పి రికార్డు చేసింది. ఆమె పోయాక వాటికోసం నేనే ఒక వెబ్ పేజీ తయారుచేశాను. ఒకవైపు ఆమె ఫోటో, పక్కన ‘వినండి’ బటన్. ఇంట్లో లాప్‌టాప్‌లో బాగానే ఉంది. ఆ బడికి వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో తెరిస్తే ఫోటో ఉంది, బటన్ లేదు. ఎదురుగా పిల్లలు కథ కోసం కూర్చుని ఉన్నారు. నన్ను ఒంటరిగా వదలకూడదని ఈమధ్య రోజూ నా వెంటే వస్తున్న బావమరిది ముందుకు దూకాడు.

"ఇంట్లో ఉంది, ఇక్కడ లేదు. అంటే దారిలో కొట్టేశారు!"

"బటన్ దారిలో నడిచి రాదురా."

"నడవలేదు కనకే ఎత్తుకుపోయారు బావా!"

గుమ్మంలో నిలబడ్డ డ్రిల్లు మాస్టారి మీద అతని చూపు పడింది.

"నిన్న సాయంత్రం ఈ గదిలో ఏం చేస్తున్నారు?"

"బంతికి గాలి కొడుతున్నా."

"బంతికా, సాక్ష్యానికా?"

"బంతికే. ఎంత కొట్టినా నీ బుర్రలో ఉన్నంత గాలి పట్టలేదు నాయనా."

ఇక వేలిముద్రలు తీయక తప్పదన్నాడు బావమరిది. సుద్దముక్క నూరి కీబోర్డు మీద చల్లి, వెంటనే తుమ్మాడు. పొడి సగం నా మొహాన పడింది. ముద్రలు దొరికాయి. అన్నీ అతనివే. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ముందు తుడిచి చావు" అన్నాను.

ఎడమచెయ్యి కీబోర్డు మూల ఆనించి, కుడిచేత్తో డస్టరు పట్టుకుని పైవరస బరబరా తుడిచాడు. ఏ మీటలు కలిసి నొక్కుకున్నాయో, పేజీ అంచెలంచెలుగా కుంచించుకుపోయింది. ఫోటో చిన్నదై పక్కకు జరిగింది. దాని కిందనుంచి బటన్ బయటపడింది.

"దొరికాడు దొంగ!" అని అరిచి, అంతలో ఆగిపోయాడు. "బావా... అక్క వెనకాలే ఉంది."

ఒకే పేజీని ఒక్కో బ్రౌజరు ఒక్కోలా పేరుస్తుందని నాకు తెలియదు. ఫోటోకు నేను కొలత ఇవ్వలేదు. ఇంటి బ్రౌజరు దాన్ని కుదించి పక్కన సర్దింది. బడి బ్రౌజరు ఉన్నంత పెద్దదిగా తెచ్చి బటన్ నెత్తిన పెట్టింది.

పిల్లలు కథ విన్నారు. బావమరిది డ్రిల్లు మాస్టారిని నిర్దోషిగా విడుదల చేశాడు.

ఫోటో చిన్నది చేస్తే బటన్ ఏ బ్రౌజరులోనైనా కనిపిస్తుంది. కొలత దగ్గర ఒక్క అంకె వెయ్యాలి. ఆమెను చిన్నది చేసే ఆ అంకె ఇంకా వెయ్యలేదు.