నిమిషానికి నూట నలభై

నవంబరు పదిహేడో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. స్థలం: నాలుగో అంతస్తులో ఒక గది. హాజరైనవారు: విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కేటలాగు విభాగపు ఉద్యోగి ఒకరు. గైర్హాజరైనవారి జాబితా మొదలుపెడితే కాగితం చాలదు కనుక ఆ పని ఎవరూ తలకెత్తుకోలేదు.

ఆ భవనంలో అందరూ ఆయనను పుస్తకాల సారు అంటారు. వయసు యాభై ఒకటి. పదకొండేళ్ళుగా అదే గదిలో ఒక్కరే ఉంటున్నారు. ఇన్నేళ్ళలో ఆ గడప దాటి లోపలికి వచ్చింది కుళాయి బాగుచేసే మనిషి ఒక్కడే. అతను పని మరీ నిక్కచ్చిగా చేసిపోవడం వల్ల రెండోసారి రావలసిన అవసరం కలగలేదు. మూడేళ్ళ కిందట ఆయన ఒక ఎలక్ట్రిక్ గిటారు కొన్నారు. గోడ అవతలివారికి ఇబ్బంది కలగకూడదని స్పీకరు మాత్రం కొనలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తారు. అందుచేత ఆ గిటారును విన్నవారు లోకంలో ఆయన ఒక్కరే.

ఆ ఆదివారం పథకం సరళమైనది. గ్రంథాలయం నోటీసు బోర్డు మీద నెల కిందట ఒక చీటీ కనిపించింది: "మా బృందానికి గిటారు వాయించేవారు కావాలి. వేగంగా వాయించగలగాలి. ప్రతి ఆదివారం కలుస్తాం." ఆయనను పట్టుకున్నది రెండో వాక్యం కాదు, మూడోది. ఆదివారాలు ఎంత పొడవుంటాయో ఆయనకు తెలిసినంతగా క్యాలెండరు అచ్చువేసేవారికి కూడా తెలియదు. ఫోన్ చేస్తే, బృందంలో ఒకాయన నేటి ఉదయం పదకొండు గంటలకు వచ్చి వాయించి చూపించమన్నాడు.

చిక్కల్లా వేగంతోనే. తాళం లెక్క కొట్టే మెట్రోనోము నిమిషానికి వంద దెబ్బలు కొట్టినంతవరకూ ఆయన వేళ్ళు బుద్ధిగా నడుస్తాయి. నూట నలభైకి చేరేసరికి కుడి భుజం చెవిని పలకరించడానికి పైకి లేస్తుంది, దవడ బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, మణికట్టు కర్రముక్క అవుతుంది. తీగల్లోంచి గిన్నెల అలమర కూలిన శబ్దం వస్తుంది. గిటార్లు బాగుచేసే ముసలాయన ఒకసారి తన దుకాణంలో చూసి, వినకుండానే పెదవి విరిచాడు.

"వేగాన్ని మీరు తోస్తున్నారు సార్. తోస్తే రాదు."

"మరేం చెయ్యమంటారు?"

"తడిసబ్బు ఎట్లా పట్టుకుంటారు? గట్టిగా నొక్కితే ఎగిరి అవతల పడుతుంది. చెయ్యి ఊరికే ఉండాలి. భుజం ఊరికే ఉండాలి. ఇక మీ దవడకి గిటార్లో పనేమీ లేదు. దాన్ని ఇంటి దగ్గరే వదిలేసి రండి."

ఆయన ఈ మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. దవడ గురించిన వాక్యానికి విడిగా ఒక శీర్షిక పెట్టారు. ఆ తరువాత ఒక పద్ధతి రూపొందించారు. మొదటి నిమిషం వంద, రెండో నిమిషం నూట ఇరవై, ఆపైన నూట నలభై. నాలుగో నిమిషంలో చివరి పది సెకన్లు సంపూర్ణ విశ్రాంతి: చేతులు జారవిడవాలి, తల పక్కకు వాల్చాలి, నోరు తెరవాలి, కళ్ళు సగం మూయాలి. మళ్ళీ మొదటినుంచి. ఎనిమిదిన్నర దాకా ఇదే. వెలుతురు బాగుంటుందని కుర్చీని కిటికీకి ఎదురుగా వేసుకున్నారు. కిటికీ గట్టు ఛాతీ ఎత్తున ఉంటుంది. బయటినుంచి చూసేవారికి తలా భుజాలూ తప్ప గిటారు కనిపించదు. ఈ సంగతి ఆయనకు తట్టలేదు. బయటినుంచి తనను చూసేవారు ఉండవచ్చునన్నది ఆయన ఊహకు అందని విషయం.

అదే భవనంలో ఎదురు కిటికీలో రిటైరైన నర్సు ఒకావిడ ఉంటారు; అందరూ ఆవిడను సిస్టర్ గారంటారు. ముప్ఫై నాలుగేళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి. ఇప్పుడు తిరగడానికి వంటగదీ పడకగదీ మిగిలాయి. ఏడు గంటలకు పాలు పొయ్యి మీద పెట్టి ఇటు చూసేసరికి, ఎదురింటాయన కళ్ళు వెళ్ళుకొచ్చాయి, పళ్ళు గిట్టకరిచాయి, తల కంపించింది. మరుక్షణం మనిషి కుర్చీలోకి జారిపోయాడు, నోరు తెరుచుకుంది. సరిగ్గా పది సెకన్లకు ఏమీ జరగనట్టు లేచి కూర్చున్నాడు. ఆవిడ స్టవ్ ఆపి, గడియారం చూసి, పాలవాడి లెక్కల పుస్తకం వెనుక పేజీలో సమయం వేశారు. నాలుగు నిమిషాలకు మళ్ళీ అదే. మళ్ళీ నాలుగు నిమిషాలకు అదే. ఏడూ నలభై నాలుగుకి పన్నెండు సార్లయింది. ఆవిడ సర్వీసు మొత్తంలో ఇంత క్రమం తప్పకుండా వచ్చినవి పురుటి నొప్పులు మాత్రమే. ఆ అవకాశాన్ని ఆవిడ నిష్పక్షపాతంగా పరిశీలించి తోసిపుచ్చారు.

కిందికి ఫోన్ చేసి వాచ్‌మన్‌ను పిలిచారు.

"పుస్తకాల సారుకి ఫిట్స్ వస్తున్నాయి. నీ దగ్గర మారు తాళంచెవి ఉందిగా? తీసుకుని పైకి రా."

"ఫిట్సా అమ్మా? నిన్న సాయంత్రం బాగానే ఉన్నారే. నాకు నమస్కారం కూడా పెట్టారు."

"నీకు నమస్కారం పెట్టారా? అప్పుడే అనుమానం రావాల్సింది నీకు. త్వరగా రా."

తలుపు కొట్టారు. ఇయర్‌ఫోన్లున్న చెవులకు అది వినపడలేదు. తాళం తీసి లోపలికి వెళ్ళేసరికి ఆయన నూట నలభైలో ఉన్నారు. పదకొండేళ్ళ తరువాత తన గదిలో ఏకకాలంలో ఇద్దరు మనుషులు కనిపించడంతో భుజం చెవిని దాటిపోయింది. చెవుల్లో మెట్రోనోము మోగుతుండగా, "ఏం లేదు, ఏం లేదు," అని భవనం మొత్తానికి వినపడేలా అరిచారు.

"కేకలు కూడా మొదలయ్యాయి," అని సిస్టర్ గారు పుస్తకంలో రాసుకున్నారు. "కాలరు వదులు చెయ్యవయ్యా. పక్కకి తిప్పి పడుకోబెట్టు."

వాచ్‌మన్ ఆయనను గిటారుతో సహా నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. జారిపడిన ఇయర్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని అతను బిత్తరపోయాడు.

"అమ్మా, ఇందులోంచి గుండె చప్పుడొస్తోంది. టక టక టకమని."

"ఇందులోంచి గుండె చప్పుడెందుకొస్తుందయ్యా?"

"ఏమో. ఆయన గుండె ఆయనే వింటున్నారేమో. ఒక్కరే ఉంటారు కదా పాపం."

పుస్తకాల సారు నేలమీదినుంచే, వరుస తప్పకుండా, వివరణ ఇవ్వడానికి పూనుకున్నారు.

"ఇది జబ్బు కాదండి. నేను సాధన చేస్తున్నాను."

"దేనికి బాబూ?"

"ఒళ్ళు వదులుగా ఉంచుకోవడానికి. నాలుగు నిమిషాలకోసారి పూర్తిగా వదిలేస్తాను. పది సెకన్లు."

"ఎవరు చెప్పారు మీకు ఇలా చెయ్యమని?"

"గిటార్లు బాగుచేసే ఆయన. దవడ ఇంటి దగ్గర వదిలేసి రమ్మన్నారు."

సిస్టర్ గారు వాచ్‌మన్ వైపు చూశారు. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. పుస్తకంలో "మాటల్లో పొంతన లేదు" అన్న వాక్యం చేరింది. అంబులెన్సు ఎనిమిదిన్నరకు వచ్చింది.

స్ట్రెచరు మీద కూడా ఆయన గిటారును వదలలేదు. పదకొండింటికి ఆసుపత్రినుంచి నేరుగా వెళ్ళిపోవచ్చునన్నది ఆయన ఉద్దేశం. అంబులెన్సు మనిషి దాన్ని ఇంకో లక్షణంగా నమోదు చేసుకుని, వేళ్ళు విడదీయడానికి రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు.

"రిలాక్స్ అవ్వండి సార్. ఒళ్ళంతా వదులుగా పెట్టండి."

"మూడేళ్ళుగా అదే ప్రయత్నంలో ఉన్నానండి."

"ఇంట్లోవాళ్ళకి ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?"

అంబులెన్సు రెండు కూడళ్ళు దాటింది.

"గ్రంథాలయానికి చెయ్యండి," అన్నారు పుస్తకాల సారు చివరికి. "కానీ ఇవాళ సెలవు. ఎవరూ ఎత్తరు."

అంబులెన్సులో వెంట వచ్చిన సిస్టర్ గారు పాలవాడి లెక్కల పుస్తకాన్ని ఒళ్ళో మూసిపెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

డ్యూటీ డాక్టరు వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. పదీ ఇరవైకి వచ్చి, ఆయన ఛాతీకి అతికించిన తీగల ద్వారా గుండె వేగం చూపే తెరను చూసి, పాలవాడి పుస్తకం చదివి, చివరికి ఆయన మాట కూడా పూర్తిగా విన్నది.

"అంటే మీరు వాయిస్తున్నప్పుడే అలా అయిందంటారు."

"అవునండి. పదకొండింటికి నన్ను ఒక బృందం రమ్మంది. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాను."

"సరే. ఒక్కసారి వాయించి చూపించండి. మామూలుగా ఉంటే వెంటనే పంపించేస్తాను."

ఇంతకన్న న్యాయమైన షరతు ఉండదు. ఇంతకన్న ప్రమాదకరమైనది కూడా ఉండదు. మామూలుగా ఉండటం మీదే సమస్తం ఆధారపడినప్పుడు మామూలుగా ఉండగలిగినవారు అరుదు. ఆయన మంచం మీద కూర్చుని, భుజం దించాలి, దవడ వదలాలి, ఊపిరి తీయాలి అని మూడు ఆజ్ఞలు జారీచేసుకున్నారు. మూడు అవయవాలూ వినయంగా విని, వ్యతిరేకదిశలో నడిచాయి. స్పీకరు లేని గిటారు కనుక వార్డులో ఎవరికీ పాట వినపడలేదు. గోడవైపు చూస్తూ పళ్ళు కొరుకుతూ వణుకుతున్న మనిషి మాత్రం అందరికీ కనిపించాడు. తెరమీద అంకె నూట పది, నూట పాతిక అని ఎక్కుతూ పోయి, నూట నలభై దగ్గర కూత పెట్టింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

"మళ్ళీ వచ్చింది," అన్నారు సిస్టర్ గారు, గడియారం చూస్తూ.

"పన్నెండు దాకా ఇక్కడే ఉంచుదాం," అన్నది డాక్టరు.

వార్డు గోడమీది గడియారం పదకొండు దాటడాన్ని ఆయన ఆసాంతం చూశారు. పదకొండూ నలభైకి అనుమతి తీసుకుని ఫోన్ చేశారు. బృందంలోని ఆయన గొంతు మర్యాదగానే ఉంది.

"మీకోసం అరగంట చూశామండి. ఈలోగా ఇంకొకాయన వచ్చారు. బాగా వాయించారు. ఏమీ అనుకోకండి."

"ఏమీ అనుకోను," అన్నారు పుస్తకాల సారు. ఇకపై ఆదివారాలన్నీ ఎప్పటిలాగే తన సొంతమని, వాటిలో వాటా అడిగేవారు ఎవరూ లేరని ఆయనకు ఆ క్షణంలో స్పష్టమయింది. ఫోన్ పక్కన పెట్టి, వేరే పనేమీ లేదు కనుక, గిటారు ఒళ్ళోకి తీసుకుని, దానికే వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నారు. ఎవరికీ చూపించవలసింది లేదు. ఎక్కడికీ వెళ్ళవలసింది లేదు. చెయ్యి దానంతటది తీగల మీద పడింది. నూరు, నూట ఇరవై, నూట నలభై. మెట్రోనోము లేకపోయినా ఆయనకు లెక్క తెలుసు. భుజం ఉండవలసిన చోట ఉంది. దవడ సంగతే గుర్తు లేదు. నూట అరవై దగ్గర కూడా వేళ్ళు సబ్బునురగలో తిరుగుతున్నట్టు తిరిగాయి. తెరమీద అంకె డెబ్భై రెండు చూపిస్తోంది.

సిస్టర్ గారు తెరవైపూ, ఆయనవైపూ మార్చి మార్చి చూశారు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఆ చెవిది ఒకటి ఇలా ఇస్తారా?"

ఆయన కుడిచెవి ఇయర్‌ఫోను తీసి ఇచ్చారు. ఆ గిటారును విన్న రెండో మనిషి ఆవిడ. ఆవిడ కళ్ళు మూసుకుని, జ్వరం చూస్తున్నంత శ్రద్ధగా, మూడు నిమిషాలపాటు విన్నారు.

"ఎలా ఉందండి?" అని ఆయన అడిగారు. మూడేళ్ళుగా ఎవరినీ అడగని ప్రశ్న అది.

"వేగంగా ఉంది," అన్నారు సిస్టర్ గారు. ఇయర్‌ఫోను తీయకుండానే, "ఏమీ అనుకోకపోతే, నెమ్మదిగా కూడా వాయిస్తారా?" అన్నారు.

నెమ్మదిగా వాయించడానికి మూడేళ్ళు అక్కర్లేదు. ఆ సంగతి ఆయన ఆవిడకు చెప్పలేదు. నెమ్మదిగా వాయించారు.

డాక్టరు పన్నెండున్నరకు ఒక అచ్చుకాగితంతో వచ్చింది.

"ఇది ఫిట్సో సంగీతమో నేను తేల్చలేను. తేల్చగల పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారు. ఒంటరిగా ఉండే మనిషిని ఊరికే పంపించడానికి మాకు వీల్లేదు. ఎవరైనా బాధ్యత తీసుకుని, ఈయన వాయించేటప్పుడు వారానికోసారి దగ్గర కూర్చుని గమనించాలి. అలా అయితే సంతకం పెట్టి తీసుకెళ్ళండి."

"వారానికోసారంటే, ఆదివారం పొద్దున నాకు కుదురుతుంది," అన్నారు సిస్టర్ గారు. మిగతా ఆరు రోజులూ కూడా కుదురుతుందన్న సంగతి ఆవిడ పైకి చెప్పలేదు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గడులు ఒక్కొక్కటే చదివారు.

"'రోగికి ఏమవుతారు' అని ఉంది. ఏం రాయమంటారు బాబూ?"

ఇరవై రెండేళ్ళుగా, ఎంత వింత పుస్తకాన్నైనా ఏదో ఒక శీర్షిక కింద చేర్చిన మనిషి ఆయన. ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయారు.

"పొరుగువారు అని రాయండి," అన్నారు కొంతసేపటికి. "తరువాత మార్చవలసివస్తే చూసుకుందాం."

"మందులేమైనా ఉన్నాయా డాక్టరమ్మా?"

"ఏం లేవు. నూట ఇరవై దాటకుండా చూసుకోండి."

సిస్టర్ గారు సంతకం చేశారు. దాని కింద ఆయన చేశారు. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టెలో అడుగున ఉంచి, పెట్టె మూసి సంచిలో వేసుకున్నారు. 'పరిశీలన ఎప్పటివరకు' అన్న గడి ఖాళీగా ఉండిపోయిన సంగతి, కామా తప్పిపోతే నిద్రపట్టని ఆయన కంట పడలేదట.