దగ్గు లేని క్యాసెట్

ఆ శుక్రవారం పొద్దున లింబాద్రి అనుకున్న పనులు మూడే. బట్టలు ఉతుక్కోవడం, గడ్డం గీసుకోవడం, రజిత కోసం నింపిన క్యాసెట్‌ను మధ్యాహ్నం ఊరికి బయల్దేరుతున్న నర్సింగ్ చేతిలో పెట్టడం. మొదటి రెండూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి. మూడోదాని సంగతి తేలేసరికి నెలన్నర పట్టింది.

లింబాద్రిది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఒమన్‌ దేశంలోని సహం పట్నంలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైల్స్ మేస్త్రి. వచ్చి మూడేళ్లు దాటింది. వచ్చేనాటికి కూతురు సంగీతకు ఆరు నెలలు. ఉత్తరం రాయడానికి కూర్చుంటే 'క్షేమం' తర్వాత అతనికి ఏమీ తోచదు. అందుకని భార్యాభర్తలు క్యాసెట్లలో మాట్లాడుకునేవారు. ఊరికి వెళ్లేవాడి సంచిలో ఒకటి వెళ్లేది, తిరిగి వచ్చేవాడి సంచిలో ఒకటి వచ్చేది. రజిత పంపిన క్యాసెట్లు అతనికి కంఠతా వచ్చు. ఆమె మాటలే కాదు, ఏ మాట దగ్గర గాజులు కదిలాయో, ఏ మాట దగ్గర ఏడుపు దిగమింగుకుందో కూడా తెలుసు. డ్యూటీలో టైలు పరుస్తూ ఆ చోట్లు మనసులోకి వచ్చినప్పుడు తనూ ఆగేవాడు.

కిందటి నెల వచ్చిన క్యాసెట్లో రజిత ఒక మాట అంది. "సంగీతను మీ బాపు ఎట్ల మాట్లాడ్తడే అని అడిగితే ఖళ్లు ఖళ్లున దగ్గి సూపెడ్తున్నది. నీ మాటల కంటె దగ్గే ఎక్కువున్నది అండ్ల. దవాఖానకు పోతున్నవా లేదా?"

రూమ్‌లో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. లింబాద్రి కూడా నవ్వాడు. తర్వాత బయటికి వెళ్లి, అప్పటికే కడిగి ఉన్న బకెట్‌ను చాలాసేపు కడిగాడు. టైలు కోసినప్పుడు లేచే దుమ్ము వల్ల వచ్చే దగ్గు అది. డాక్టరు భయపడాల్సింది లేదన్నాడు. కానీ కూతురికి తండ్రంటే దగ్గు అని తెలిస్తే ఎలా?

సహం బజారులో ఒక క్యాసెట్ల షాపు ఉంది. అందులో పనిచేసే ఖమరుద్దీన్‌ది నిజామాబాద్. పాత పాటల్లో బరబర తీసి కొత్త క్యాసెట్లు చేయవచ్చని షాపు అర్బాబ్, అంటే యజమాని, మస్కట్ నుంచి ఆ ఏడే, అంటే తొంభై ఎనిమిదిలో, ఒక కంప్యూటర్ తెప్పించి ఖమరుద్దీన్ ముందు పెట్టాడు. ఖమరుద్దీన్ రెండు నెలలుగా దాంతో కుస్తీ పడుతూ, తెలిసినంత మేరకు ఉర్దూలో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ఆ శుక్రవారం నింపిన క్యాసెట్ పట్టుకుని వచ్చిన లింబాద్రి గోడు విని అతను ఎగిరి గంతేశాడు. ఇన్నాళ్లకు తనకొక శిష్యుడు దొరికాడు.

"ఇదే నీ గొంతు, భాయ్," అని క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి తెర మీద పచ్చటి గీత చూపించాడు. "ఈ పొట్టి పొట్టిగ ఉన్నయి మాటలు. ఖజూర్ చెట్ల లెక్క లేసినయి దగ్గులు. మౌస్ తోటి చెట్టును పట్టు, కట్ కొట్టు. బస్."

లింబాద్రి మౌస్‌ను పట్టగానే అది బల్ల దాటి ఖమరుద్దీన్ ఒళ్లో పడింది.

"గట్టిగ పట్టకు, నక్కో భాయ్! అది తాపీ కాదు."

అయితే పావుగంటలో లింబాద్రికి కిటుకు దొరికింది. లేచిన టైలును పీకి, పక్క టైళ్లను కలిపి, జాయింటు కనబడకుండా సర్దడం అతనికి తెలిసిన విద్యే. ఒక్కో దగ్గును అంచుల దాకా చెక్కి తీసేశాడు. ఖమరుద్దీన్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని "మాషాల్లా" అన్నాడు. దాంతో లింబాద్రికి ఉత్సాహం వచ్చింది. దగ్గులు అయ్యాక ఫ్యాను చప్పుడు ఎక్కువున్న చోట్లు తీశాడు. ఆ తర్వాత గీత సాపుగా, ఏ ఎత్తూ లేకుండా పడుకున్న చోట్ల మీదికి వెళ్లాడు.

"అండ్ల దగ్గు లేదు గద భాయ్. ఉత్తగ ఊకున్నవ్ అంతే."

"నేను ఊకున్న కాడనే ఆమె ఏడుస్తది," అన్నాడు లింబాద్రి. "తీసేయాలె."

ఖమరుద్దీన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఇక మిగిలింది చివరనున్న పెద్ద చెట్ల గుంపు. క్యాసెట్లో లింబాద్రి చెప్పింది ఇది: "లీవుకు కాగితం వెట్టిన రజితా. వచ్చే నెల పదిహేను తారీకు దాక బయల్దేరి వస్త అనుకున్నగని, మేనేజర్ సంతకం వెట్టలే. ఇంకో ఏడాది ఆగాలె. నువ్వు రంది వెట్టుకోకు." అయితే 'వస్త' అన్నాక దగ్గు అందుకుంది. 'అనుకున్నగని' నుంచి 'ఆగాలె' వరకు మాటలన్నీ దగ్గుల నడుమే బయటికి వచ్చాయి. తెర మీద అదంతా ఒకటే తోపులా కనబడింది. లింబాద్రి తోపును ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టి, కట్ కొట్టాడు.

ఇరవై రెండు నిమిషాల గొంతు పదకొండు నిమిషాలైంది. దాన్ని తిరిగి క్యాసెట్లోకి ఎక్కిస్తుండగా జుమ్మా అజాన్ వినబడింది. అజాన్ వేళ షాపులో చప్పుడు ఉండకూడదు కాబట్టి ఖమరుద్దీన్ స్పీకర్ కట్టేసి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు వెళ్లాడు. క్యాసెట్ మాట్లాడకుండానే నిండింది. సరిగ్గా అప్పుడే నర్సింగ్ ఎక్కిన టాక్సీ వచ్చి షాపు ముందు ఆగింది. లింబాద్రి పరుగున వెళ్లి కిటికీలోంచి క్యాసెట్ అందించాడు.

రెండు వారాలు గడిచాయి. లింబాద్రి ఆ శుక్రవారం కూడా షాపులో మౌస్ పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. క్యాసెట్ అట్ట మీద ఉన్న నంబరు చూసి రజిత మెట్‌పల్లి ఎస్టీడీ బూత్ నుంచి చేసింది.

"ఇగో, మీటరు గిర్రున తిరుగుతున్నది, గబగబ చెప్త. జీపు మాట్లాడినం. బొంబాయి బస్సు ఆర్మూర్ల ఎన్నింటికి ఆగుతది? అత్తమ్మ ఇల్లంత సున్నం ఏపిచ్చింది. సంగీతకు గౌను కుట్టిపిచ్చిన. పదిహేనుకు వస్త అన్నవు గద, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ క్యాసెట్ ఆపుతది, మళ్ల తిప్పుతది, మళ్ల ఇంటది. టేపు అరిగిపోతదని నేనే దాచివెట్టిన."

లింబాద్రి నోరు తెరిచాడు. మాటకు బదులు దగ్గు వచ్చింది.

"దగ్గుతున్నవా? వచ్చినంక సూపిచ్చుకుందువు తియ్," అంది రజిత. ఆ 'వచ్చినంక' అన్న మాటలో ఆమె గొంతు ఎంత తేలికగా ఉందో మూడేళ్ల క్యాసెట్లలో అతను ఎప్పుడూ వినలేదు. ఫోన్ ఆగిపోయింది.

లింబాద్రి, ఖమరుద్దీన్ కలిసి కంప్యూటర్లో ఉన్నదాన్ని మొదటి నుంచి విన్నారు. "వచ్చే నెల పదిహేను తారీకు దాక బయల్దేరి వస్త. నువ్వు రంది వెట్టుకోకు." జాయింటు ఎక్కడా కనబడలేదు.

"భాయ్," అన్నాడు ఖమరుద్దీన్ నెమ్మదిగా, "దగ్గు తోటి మేనేజర్‌ను గూడ కట్ చేసినవ్."

ఊళ్లో ఫోన్ ఉన్న కిరాణా షాపుకు ఫోన్ చేసి నిజం చెప్పాలని నిర్ణయించారు. కానీ 'వస్తలేను' అన్న మాట తన నోటితో చెప్పడం తన వల్ల కాదన్నాడు లింబాద్రి. చివరికి ఖమరుద్దీన్ ఉపాయం చెప్పాడు. అసలు రికార్డింగు, కట్ చేయనిది, కంప్యూటర్లో భద్రంగా ఉంది. ఆ చివరి ముక్కను ఒక క్యాసెట్లోకి ఎక్కించుకుని, టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని, ఇద్దరూ మసీదు పక్కనున్న కార్డు ఫోన్ దగ్గరికి వెళ్లారు. అవతల లింబాద్రి తల్లి శాంతమ్మ వచ్చి ఫోన్ అందుకునేసరికి కార్డు చాలావరకు కరిగింది. ఖమరుద్దీన్ బటన్ నొక్కి టేప్‌రికార్డర్‌ను రిసీవర్‌కు ఆనించాడు.

"...వచ్చే నెల పదిహేను తారీకు దాక బయల్దేరి వస్త..."

కార్డు అయిపోయింది. ఎర్రటి ఎండలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిసీవర్ కూయ్ మంటుంటే టేప్‌రికార్డర్ మాత్రం తన పాటికి దగ్గుతూ 'ఆగాలె' వరకు వెళ్లింది.

కొడుకు రెండోసారి, అదీ స్వయంగా ఫోన్‌లో చెప్పాడు కాబట్టి శాంతమ్మకు ఇక అనుమానం లేదు. ఊరంతా చెప్పింది. ఆ ఊరివాళ్లు సగంమంది ఒమన్‌లోనే ఉన్నారు. వారం తిరక్కుండానే కబురు సముద్రం దాటి తిరిగి వచ్చింది. మొదట పక్క పట్నం ఖబూరా నుంచి పెద్దులు అనే ఊరివాడు ఒక పెద్ద కంబలి మోసుకొచ్చాడు.

"మా అవ్వకియ్యి తమ్మీ. సలికాలం ముడుసుకొని పంటది."

"నేను పోతలేను పెద్దులన్నా. లీవు దొరకలే."

పెద్దులు మొహం చిన్నబోయింది. "కంబలి మోయనీకి గింత అబద్దమాడాల్నా? బరువైతదంటె చెప్పు, మడిచి చిన్నగ కడ్త."

ఆ తర్వాత లింబాద్రి నిజం చెప్పడం మానుకున్నాడు. సబ్బుల డబ్బా వచ్చింది. ఇస్త్రీపెట్టె వచ్చింది. బ్యాటరీతో నడిచే రైలుబండి వచ్చింది. ప్రతి వస్తువు వెంటా ఒక మాట కూడా వచ్చింది. 'మా బిడ్డ ఎంత ఎత్తుకు ఎదిగిందో నీ భుజంతోని కొలిచి చెప్పు.' 'మా నాయిన కండ్లు ఎట్లున్నయో సూడు.' లింబాద్రి మంచం సామాన్ల కింద మునిగిపోయింది. అతను ఆ సామాన్ల పక్కన నేల మీద పడుకుని, ఎవరిది ఎవరికో, ఏ మాట ఎవరికి చెప్పాలో తప్పిపోకుండా వల్లె వేసుకునేవాడు. తను వెళ్లడం లేదన్న సంగతి నడుమ నడుమ గుర్తొచ్చి అటు తిరిగి పడుకునేవాడు.

సైట్ ఫోర్‌మన్ నిసార్ అహ్మద్ కడప మనిషి, ముందుచూపు గలవాడు. లింబాద్రి పోతున్నాడని విని, ఎవరూ చెప్పకుండానే సువైక్ సైట్ నుంచి ఇంకో టైల్స్ మేస్త్రిని పిలిపించి, పద్నాలుగో తారీకు పొద్దున పనిలో దించాడు. లింబాద్రి తాపీతో వెళ్లేసరికి అతని గోడ దగ్గర వేరేవాడు కూర్చుని ఉన్నాడు.

"నువ్వింకా పోలేదా?" అన్నాడు నిసార్ అహ్మద్. "పాస్‌పోర్టు తీసుకున్నావా లేదా? పో, ఆఫీసుకు పో ముందు!"

ఇటు పనీ లేదు, అటు ప్రయాణమూ లేదు. ఇక మేనేజర్ కాళ్ల మీద పడి ఉన్నదున్నట్టు చెప్పేయడమే మేలని లింబాద్రి ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ మేనేజర్ అప్పటికే క్లర్కు మీద విరుచుకుపడుతున్నాడు. లింబాద్రి స్థానంలో మనిషి దిగినట్టు ఫోర్‌మన్ కాగితం వచ్చింది, కానీ ఫైల్లో లింబాద్రి లీవు మంజూరైన జాడ లేదు.

"నేను సంతకం పెట్టకుండానే ఇంకో మనిషి వస్తాడా? పెట్టే ఉంటా! ఆ కాగితం ఎక్కడ పోగొట్టావ్?" అని హిందీలో అరుస్తూ, లింబాద్రిని చూడగానే గొంతు తగ్గించాడు. "తప్పు మాదే భాయ్. రేపే ప్రయాణం కదూ? టికెట్ తీయడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. ఏమనుకోకు."

"సాబ్, అసలు సంగతేందంటె..."

"ఏమీ చెప్పకు, నాకంతా తెలుసు," అని మేనేజర్ కొత్త కాగితం మీద టకటకా సంతకం పెట్టాడు.

లింబాద్రి ఆ సంతకం వైపు చూస్తూ నిలబడ్డాడు. బయటికి వచ్చాక గోడ పట్టుకుని కూర్చున్నాడు. ఆ దారిన పోతున్నవాళ్లు ఇంట్లో ఏదో చెడ్డ కబురని అనుకున్నారు.

ప్రయాణం రోజు ఖమరుద్దీన్ షాపు మూసి టాక్సీ దాకా వచ్చాడు. జేబులోంచి ఒక క్యాసెట్ తీశాడు. "నిజామాబాద్‌ల మా ఇంటామె సుగ్రా బేగంకు ఇయ్యి. నాలుగేండ్లల్ల ఇదే మొదటిది. అందరి గొంతులు సాఫ్ చేస్త గని, నాకు చెప్పుకోనీకి రాలే."

"దీన్ని కట్ చేసినవా?"

"నై భాయ్," అన్నాడు ఖమరుద్దీన్. "సగం ఉత్తగనే ఉన్నది. ఉండనీ."

పదిహేడో తారీకు పొద్దున పదకొండింటికి బొంబాయి బస్సు ఆర్మూర్‌లో ఆగింది. పైనుంచి పెద్ద మూట, దాని మీద ఇంకో మూట, చివరికి లింబాద్రి దిగారు. రోడ్డు అవతల జీపు పక్కన రజిత నిలబడి ఉంది. చంకలో కొత్త గౌనులో పిల్ల నిద్రపోతోంది. పదిహేను నుంచి వచ్చిన ప్రతి బొంబాయి బస్సునూ చూసి చూసి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. అతను రోడ్డు దాటి ఆమెకు బారెడు దూరంలో ఆగాడు. దారిపొడుగునా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ దొరకలేదు. ఆమె అతని మొహాన్ని, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకల్ని, పగిలిన వేళ్లను మెల్లగా చూస్తోంది. మార్కెట్ లారీలు పోతున్నాయి, వస్తున్నాయి. ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు.

మూడు రోజులుగా అక్కడే కాపు కాస్తున్న జీపు డ్రైవర్ ఇక ఓపిక పట్టలేక హారన్ కొట్టాడు.