కనుబొమలు ఉన్నవారికే ధైర్యం

మనిషికి గాలి, నీరు తరువాత అత్యవసరమైనది ధైర్యం. ఇంత విలువైన వస్తువును ఎవరు పడితే వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ, లైసెన్సు లేకుండా పంచిపెట్టడం సమాజానికి క్షేమం కాదు. ఈ సత్యాన్ని గ్రహించిన మా క్యాన్సర్ ఆసుపత్రి, రెండో అంతస్తులో ధైర్య ప్రదాన విభాగాన్ని స్థాపించింది.

అంతకుముందు మా ఆవిడకు ధైర్యం చెప్పే పని ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉండేది. ఎదురింటి పిన్నిగారు వచ్చి, "మా తోడికోడలికీ ఇదే జబ్బమ్మా. ఎంత ధైర్యంగా ఉండేదో, పాపం" అని కళ్లొత్తుకుని వెళ్లారు. (ఇప్పుడెలా ఉన్నారని అడగబోయిన నన్ను మా ఆవిడ చూపుతోనే ఆపింది.) మా బావమరిది ఫోన్ చేసి, "అంతా మనసులోనే ఉంటుంది బావా" అన్నాడు. రిపోర్టుల ప్రకారం అది రొమ్ములో ఉంది.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాడు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కినా పక్క సీట్లో గొంతు పెంచకుండా కూర్చునే మనిషి. జుట్టు ఊడిపోయినప్పుడు కూడా, "షాంపూ ఖర్చు తప్పింది" అని ఊరుకుంది. కనుబొమలు రాలాక మాత్రం అద్దం చూడటం, నాతో మాట్లాడటం రెండూ మానేసింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఇంక నేను రానండీ. చాలు" అంది. అప్పటికి సగం కీమో మిగిలే ఉంది. మధ్యలో మానేస్తే ఏమవుతుందో డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఆవిడకి కావలసింది మందు కాదు, ధైర్యం. రెండో అంతస్తుకి తీసుకెళ్లండి" అన్నారాయన. ఒక్కసారి వచ్చి చూడు, ఆ తరువాత నీ ఇష్టం అని బతిమాలి తీసుకెళ్లాను.

విభాగం తలుపు దగ్గర ముఖం చూసి మనిషిని పోల్చుకునే మిషను ఉంది. చికిత్సకు ముందు తీసిన ఫొటోతో సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. మా ఆవిడ ఎదురుగా నిలబడింది. మిషను కాసేపు ఆలోచించి, "క్షమించాలి. మీరు మీరు కాదు" అంది.

లోపలి నుంచి ధైర్యాధికారిగారు వచ్చారు. చాలా మర్యాదస్తులు. పుట్టుకతోనే ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి ఉండటం వల్ల, ఏం చెప్పినా నమ్మనట్టు కనిపిస్తారు.

"ఈవిడే ఆవిడండీ" అన్నాను.

"నేను కాదనడం లేదు సార్. మిషను కాదంటోంది."

"జుట్టు, కనుబొమలు ఊడిపోయాయి. మీ పై అంతస్తులో ఎక్కించిన మందుకే."

"అది వైద్య విభాగమండీ. మాకు సంబంధం లేదు. చికిత్స పూర్తయి, జుట్టు వచ్చాక రండి. వెంటనే పోల్చుకుంటుంది."

"అప్పుడు ధైర్యం ఎందుకండీ?"

"అది మీ ఇష్టం సార్. మా సేవలో నిర్బంధం లేదు."

ఇంతలో మిషను నా వైపు తిరిగి, "స్వాగతం, రోగి సహాయకులు గారూ" అని తలుపు తెరిచింది. (నాకు రెండు కనుబొమలూ ఉన్నాయి.) మా ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆవిడ వాటా ధైర్యం నేను పుచ్చుకోవడానికి వెళ్లాను. చల్లటి గది, నిండా ఖాళీ కుర్చీలు. "మీరు ఒంటరి కాదు" అని చెప్పారు. నేనొక్కడినే విన్నాను. శరీరాన్ని ప్రేమించమన్నారు. పొట్ట వైపు చూసి ప్రయత్నించాను. నిజం చెప్పొద్దూ, చాలా తేలికపడ్డాను.

బయటికొస్తే బెంచీ మీద గోల. అక్కడున్నవాళ్లంతా మిషను పోల్చుకోని మనుషులే. బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడ తన సంచిలోంచి కనుబొమల పెన్సిల్ తీసి మా ఆవిడకు గీస్తోంది. మందుల వల్ల ఆ గీసే ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

"కదలకక్కా."

"కదిలేది నువ్వు. పెన్సిల్ గట్టిగా పట్టుకో, మలుపు దగ్గర వదిలేస్తున్నావు" అంటోంది మా ఆవిడ, కారు నేర్పే గొంతుతో.

గీయడం పూర్తయింది. ఒకటి నుదుటి మధ్యకు ఎక్కింది, ఒకటి కంటి మీదకు జారింది. ఆ ముఖంతో మా ఆవిడ మిషను ముందు నిలబడింది. "నమస్కారం, అధికారి గారూ. ఈ రోజు ఆలస్యంగా వచ్చారు" అని మిషను తలుపు బార్లా తెరిచింది.

మా ఆవిడ నా వైపు తిరిగి, "ఏమండీ, నాకిక్కడ ఉద్యోగం కూడా వచ్చింది" అంది. అని నవ్వింది. బెంచీ బెంచీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అధికారిగారు పరుగున వచ్చారు. "నవ్వుతున్నారేంటండీ? నవ్వేవాళ్లకి మా సేవ వర్తించదు."

"ఏడిస్తే వర్తిస్తుందా?" అని అడిగింది మా ఆవిడ.

"వర్తిస్తుందమ్మా. కానీ ముఖం సరిపోవాలి."

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో, "వచ్చే విడతకి పెందలాడే బయల్దేరదామండీ. ఆలస్యమైతే బెంచీ మీద చోటుండదు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. "ముందు రోడ్డు చూడండి" అంది.

తరువాతి విడతకు వెళ్లేసరికి బెంచీ లేదు. అనుమతి లేని ధైర్యం పంపిణీ అవుతోందన్న కారణంగా తీసేశారట. బెంచీ బృందం మెట్ల మీదకు మారింది. మా ఆవిడ మిగిలిన మందంతా, విడతకో రకం కనుబొమలతో, ఎక్కించుకుంది.

ఈ మధ్యనే విభాగం తన వార్షిక నివేదిక విడుదల చేసింది. స్థాపించిన నాటి నుంచి నేటి వరకు, ధైర్యం కోల్పోయిన రోగి ఒక్కరు కూడా తమ గడప తొక్కలేదని అందులో సగర్వంగా ప్రకటించింది.